థైరాయిడ్ క్యాన్సర్ మెదడుకు పాకితే: శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

గొంతు దగ్గర గడ్డ తీసేశారు, అయోడిన్ మందు తాగించారు, రోజూ మాత్ర వేసుకుంటే చాలన్నారు. కొన్నేళ్లు బాగానే గడిచాయి. తర్వాత తలనొప్పి, వాంతులు, ఫిట్స్. స్కాన్‌లో మెదడులో మచ్చ. అలాంటి ఇంట్లో వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబులివి. మా మేనత్త జబ్బుతో విజయనగరం, విశాఖ ఆసుపత్రుల్లో తిరిగినప్పుడు డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, తర్వాత చదివి సరిచూసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మందు మోతాదు, ఆపరేషన్ నిర్ణయం మాత్రం మీ మనిషిని, ఫిల్ములను కళ్లారా చూసిన డాక్టరే చెప్పాలి.

థైరాయిడ్ క్యాన్సర్ అంత ప్రమాదం కాదన్నారు కదా, మెదడుకు ఎలా వెళ్లింది?

వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం, దాదాపు 80 శాతం, పాపిల్లరీ రకం. ఇది సాధారణంగా మెడలోని బిళ్ళల (లింఫ్ గ్రంథుల) వరకే వెళ్లి ఆగుతుంది, చికిత్సకు బాగా లొంగుతుంది. ఫాలిక్యులర్ రకం రక్తం ద్వారా పాకుతుంది, ముందు ఊపిరితిత్తులకు, ఎముకలకు. అయోడిన్ లోపం ఉన్న ప్రాంతాల్లో ఈ రకం వాటా కాస్త ఎక్కువ. మెడుల్లరీ, అనాప్లాస్టిక్ అని ఇంకో రెండున్నాయి, అవి అరుదు. అనాప్లాస్టిక్ చాలా వేగంగా పెరుగుతుంది, దాన్ని ఎప్పుడు కనుక్కున్నా నాలుగో దశగానే లెక్కిస్తారు.

మెదడుకు పాకడం వీటన్నిటిలోనూ అరుదే. మామూలు రకాల్లో నూటికి ఒకరికి అటూ ఇటూ అని చెబుతారు. అలా జరిగినవారిలో చాలామందికి అప్పటికే ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో జబ్బు ఉంటుంది. థైరాయిడ్ ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరూ తలనొప్పి రాగానే టెన్షన్ పడక్కర్లేదు. ఊపిరితిత్తులకు పాకిందని ఇదివరకే చెప్పి ఉంటే మాత్రం కొత్త తలనొప్పిని ఎండ దెబ్బ అనో, బీపీ అనో వదిలేయకండి.

ఏ లక్షణాలు చూసి అనుమానించాలి?

పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి, రోజులు గడిచేకొద్దీ పెరిగే తలనొప్పి. వాంతులు. ఒక పక్క చేయి, కాలు పట్టు తప్పడం. మాట తడబడటం, చూపు మసకబారడం లేదా ఒకటి రెండుగా కనబడటం. నడుస్తుంటే ఒక వైపు తూలడం. ఎన్నడూ లేనిది ఫిట్స్ రావడం. ఇంకొకటి ఇంట్లోవాళ్లే గమనించగలరు: మనిషి తీరు మారడం. ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి చిరాకు పడటం, ఇప్పుడే చెప్పింది మరిచిపోవడం, రోజంతా మగతగా పడి ఉండటం. దాన్ని వయసు మీద తోసేయకండి.

థైరాయిడ్ నుంచి వచ్చిన మచ్చల్లో రక్తస్రావం అయ్యే గుణం కొంచెం ఎక్కువ. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, స్పృహ తగ్గినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. చుట్టూ ఉన్న గిన్నెలు, కత్తిపీట దూరంగా జరపండి. టైం చూసుకోండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగగానే ఇంకోటి వచ్చినా వెంటనే అంబులెన్స్. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో గుడ్డ కుక్కడం, నీళ్లు పోయడం వద్దు. తాళాల వల్ల ఫిట్స్ ఆగవు, నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. వీలైతే ఒకరు ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టర్‌కు అది మాటల్లో చెప్పినదానికంటే ఎక్కువ పనికొస్తుంది.

ఫిట్స్ వచ్చినవారికి లెవెటిరాసెటం లాంటి మాత్ర ఇస్తారు. బాగుందని మధ్యలో ఆపకూడదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఈ జబ్బులో ఎక్కువ కుటుంబాలు చిక్కుపడేది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది. తలనొప్పి, ఫిట్స్ అంటే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్తాం. ఎనిమిదేళ్ల కిందట గొంతు ఆపరేషన్ అయిందని మనం చెప్పం, అది వేరే జబ్బు అనుకుంటాం. ఆయన మెదడు ఫిల్ము చూస్తారు, థైరాయిడ్ సంగతి ఆయన దాకా వెళ్లదు. పాత డాక్టర్‌కేమో మెదడు సంగతి తెలియదు.

అందుకే ఎక్కడికి వెళ్లినా మొదటి మాటగా చెప్పాల్సింది ఒకటే: "ఈమెకు ఫలానా సంవత్సరంలో థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయింది, ఇన్నిసార్లు అయోడిన్ మందు ఇచ్చారు." దాంతోపాటు పాత ఫైలు. అందులో ముఖ్యంగా నాలుగు కాగితాలు: గడ్డ తీశాక ఇచ్చిన బయాప్సీ రిపోర్టు, అయోడిన్ ఎప్పుడు ఎంత ఇచ్చారో రాసిన డిశ్చార్జ్ సమ్మరీ, ఆ తర్వాత తీసిన ఒళ్లంతా స్కాన్, థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారుచేసే ప్రోటీన్) రక్తపరీక్షలు. మన జిల్లాలో చాలామంది మగవాళ్లు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్, చెన్నై వైపు వెళ్తారు, ఫైలు ఇంట్లో పెట్టెలో ఉండిపోతుంది. ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ల్యాబ్‌లో ఉంటాయి, అడిగి తీసుకోవచ్చు. అవి మళ్లీ అవసరం పడతాయి.

శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, రాగోలులో జెమ్స్, విజయనగరంలో ప్రభుత్వ ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. అత్యవసరంగా చూపించుకోవడానికి ఇవి దగ్గర. పూర్తి చికిత్సకు మాత్రం క్యాన్సర్ డాక్టర్, న్యూరో సర్జన్, రేడియేషన్ డాక్టర్, అయోడిన్ మందు ఇచ్చే న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ నలుగురూ కలిసి మాట్లాడుకోవాలి, కాబట్టి విశాఖ ప్రయాణం తప్పదు. అక్కడ కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి), అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రులూ ఉన్నాయి. "మా కేసు ట్యూమర్ బోర్డులో పెడతారా?" అని అడగండి. నలుగురు డాక్టర్లు ఒకచోట కూర్చుని ఒకే కేసు మాట్లాడేదాన్నే అలా అంటారు. అడగడానికి మొహమాటపడకండి.

సీటీ తీయించాలా, ఎంఆర్ఐ తీయించాలా?

మెదడులోని చిన్న మచ్చలు ఎంఆర్ఐలో, అదీ గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీస్తేనే బాగా కనిపిస్తాయి. సీటీలో చిన్నవి తప్పిపోవచ్చు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో రక్తస్రావం ఉందా లేదా చూడటానికి మాత్రం ముందు సీటీయే తీస్తారు, అది సరైనదే.

సీటీకి ఎక్కించే కాంట్రాస్ట్‌లో అయోడిన్ ఉంటుంది. అది ఒంట్లో చేరితే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా రేడియో అయోడిన్ చికిత్స (మనం అయోడిన్ మందు అనేది ఇదే) సరిగా పనిచేయదు, ఒంటికి కావాల్సిన అయోడిన్ అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి. ఎంఆర్ఐ మందులో అయోడిన్ లేదు. మా మేనత్తకు సీటీ తీసిన చోట ఈ విషయం ఎవరూ అడగలేదు, దాంతో తర్వాతి చికిత్స రెండు నెలలు వెనక్కి జరిగింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాంట్రాస్ట్ వద్దని పట్టుబట్టకండి. తొందర లేనప్పుడు మాత్రం "అయోడిన్ చికిత్స ఉండొచ్చు, కాంట్రాస్ట్ తప్పదా?" అని ఒక్కసారి అడగండి.

మాది ఉద్దానం. కిడ్నీ సమస్య కూడా ఉంది. ఎంఆర్ఐ మందు ఎక్కించొచ్చా?

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కాబట్టి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ మాట చెప్పకుండా ఉండకూడదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగా పెరిగినవారికి, డయాలసిస్‌లో ఉన్నవారికి పాత రకం గాడోలినియం మందులతో చర్మం, కీళ్లు బిగుసుకుపోయే అరుదైన సమస్య వచ్చేది. ఇప్పుడు వాడే కొత్త రకాల్లో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా స్కాన్‌కు ముందు క్రియాటినిన్ రిపోర్టు చూపించండి, ఏ రకం మందు ఎక్కించాలో వాళ్లు నిర్ణయిస్తారు.

అంతకంటే పెద్ద సంగతి రేడియో అయోడిన్. అది ఒంట్లోంచి ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీ సరిగా పనిచేయకపోతే ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తుంది, మోతాదు లెక్క మారుతుంది. డయాలసిస్ ఉంటే దాని టైమును కూడా ముందే ప్లాన్ చేయాలి. పలాస కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకుంటున్నవాళ్లు అక్కడి డాక్టర్‌ను, క్యాన్సర్ డాక్టర్‌ను ఫోన్‌లోనైనా మాట్లాడుకోమని అడగండి.

మెదడులో మచ్చ ఉంటే అది థైరాయిడ్‌దేనా?

కాకపోవచ్చు. మన దేశంలో టీబీ గడ్డలు, పురుగు గుడ్ల వల్ల వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్ కూడా స్కాన్‌లో ఉంగరం లాంటి మచ్చలుగానే కనిపిస్తాయి. ఇంకో అవయవపు క్యాన్సరూ కావచ్చు. రక్తంలో థైరోగ్లోబ్యులిన్ పెరిగి ఉంటే థైరాయిడ్ వైపు అనుమానం బలపడుతుంది. దాంతోపాటు యాంటీ థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీ పరీక్ష చేయకపోతే మొదటి అంకెను నమ్మలేం. మెడుల్లరీ రకానికి ఈ పరీక్ష పనికిరాదు, దానికి కాల్సిటోనిన్, సీఈఏ అనే రక్తపరీక్షలు చూస్తారు. అనుమానం తీరకపోతే ముక్క తీసి పరీక్షించడమే మార్గం.

గతంలో అయోడిన్ మందు బాగా పనిచేసింది. మళ్లీ అదే తాగిస్తే సరిపోదా?

ఇది అందరూ అడుగుతారు, జవాబు జాగ్రత్తగా చదవండి.

థైరాయిడ్ కణం అయోడిన్‌ను లాక్కుంటుంది. ఆ అయోడిన్ రేడియోధార్మికమైనదైతే కణం లోపలి నుంచే నాశనమవుతుంది. 1940ల నుంచి వాడుతున్న చికిత్స ఇది. అయితే మెదడుకు పాకిన మచ్చల్లో చాలా వాటికి అయోడిన్ లాక్కునే గుణం తగ్గిపోయి ఉంటుంది. లాక్కునే మచ్చలకైతే ఇంకో చిక్కు. మందు ఇవ్వడానికి ముందు, రోజూ వేసుకునే థైరాక్సిన్ మాత్ర మూడు నాలుగు వారాలు ఆపి, థైరాయిడ్ కణాలను పురికొల్పే హార్మోన్ అయిన టీఎస్‌హెచ్ పెంచుతారు, లేదా టీఎస్‌హెచ్ ఇంజెక్షన్ ఇస్తారు. టీఎస్‌హెచ్ పెరిగితే క్యాన్సర్ కణాలకూ ఊపు వస్తుంది, మచ్చ చుట్టూ వాపు రావచ్చు, రక్తస్రావం కావచ్చు. పుర్రె ఎముక సాగదు కదా, లోపల వాపుకు చోటుండదు. అలా ప్రాణం మీదికి వచ్చిన కేసులున్నాయి.

అందుకని వరస మారదు: ముందు మెదడు, తర్వాత అయోడిన్. మచ్చను ఆపరేషన్‌తోనో రేడియేషన్‌తోనో అదుపు చేసి, వాపు తగ్గించే స్టెరాయిడ్ రక్షణతో ఆపై అయోడిన్ గురించి ఆలోచిస్తారు. మీ మనిషికి ఊపిరితిత్తుల కోసం అయోడిన్ ఇవ్వబోతున్నారనుకోండి, ఈ మధ్య తలనొప్పి గానీ తూలడం గానీ ఉంటే మాత్ర ఆపకముందే చెప్పండి. తల స్కాన్ అడగండి. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

కత్తి పడితే క్యాన్సర్ ఇంకా పాకుతుందంటారు. ఆపరేషన్‌కు ఒప్పుకోవాలా?

ఆ మాట ఊళ్లో గట్టిగా నాటుకుపోయింది. అది నిజం కాదు. ఆలస్యంగా, ముదిరాక ఆపరేషన్ చేయించుకున్నవారు తర్వాత చనిపోవడం చూసి పుట్టిన భయం అది.

ఒకటో రెండో మచ్చలే ఉండి, తీయగలిగిన చోట ఉండి, మనిషి లేచి తిరగగలుగుతుంటే ఆపరేషన్ మంచి దారి. మూడు సెంటీమీటర్లు దాటిన మచ్చను, తల వెనుక భాగంలో నీటి దారికి అడ్డుపడుతున్న మచ్చను తీయడం అత్యవసరం కూడా కావచ్చు. తీశాక ఆ గుంతకు రేడియేషన్ ఇస్తారు.

గామా నైఫ్, సైబర్ నైఫ్ అంటే కోస్తారా?

కోత ఉండదు, ఇది సూటి రేడియేషన్. సన్నని కిరణాలను అనేక దిక్కుల నుంచి మచ్చ మీదే కేంద్రీకరిస్తారు, చుట్టూ ఉన్న మెదడుకు తక్కువ తగులుతుంది. మామూలు లీనియర్ యాక్సిలరేటర్ యంత్రంతోనూ ఈ చికిత్స చేస్తారు, కాబట్టి యంత్రం పేరు గురించి పరుగులు పెట్టక్కర్లేదు. చిన్న మచ్చలకు, నాలుగు లోపు ఉన్నప్పుడు ఎక్కువగా ఇదే వాడతారు, ఇప్పుడు పది దాకా ఉన్నా ఆలోచిస్తున్నారు. ఒకటి నుంచి అయిదు సిట్టింగుల్లో అయిపోతుంది.

చాలా మచ్చలుంటే తల మొత్తానికి రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు. జుట్టు రాలుతుంది, నీరసం, కొందరికి కొన్ని నెలల తర్వాత మతిమరుపు. అందుకే వీలైనంతవరకు దాన్ని వెనక్కి పెడతారు.

క్యాన్సర్ మాత్రలు ఉన్నాయట, వాటి సంగతేమిటి?

అయోడిన్ పనిచేయని జబ్బుకు సోరాఫెనిబ్, లెన్వాటినిబ్ వాడతారు. సోరాఫెనిబ్ ఒకప్పుడు నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. 2012లో కేంద్రం హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు కంపల్సరీ లైసెన్సు (వేరే కంపెనీ పేటెంట్ ఉన్న మందును తయారుచేసే అనుమతి) ఇవ్వడంతో నెల మందు 8,880 రూపాయలకు దిగింది. లెన్వాటినిబ్‌కూ ఇప్పుడు జనరిక్‌లు దొరుకుతున్నాయి, కాబట్టి ధర విని వెనక్కి తగ్గేముందు జనరిక్ ఉందేమో అడగండి. వీటితో బీపీ పెరగడం, విరేచనాలు, అరచేతులు అరికాళ్లు మండి పొక్కడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం ఉంటాయి. రక్తస్రావం భయం కూడా ఉంది, అందుకే మెదడులో మచ్చ ఉంటే ముందు దాన్ని సరిచేసి మొదలుపెట్టడానికి మొగ్గు చూపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇక్కడా ప్రత్యేక జాగ్రత్త కావాలి.

గడ్డలో జన్యు మార్పు ఏదో తెలిస్తే దారి మారొచ్చు. ఆర్ఈటీ అనే జన్యువులో మార్పుకు సెల్పెర్కాటినిబ్ ఉంది, అది మెదడులోని మచ్చల మీద కూడా పనిచేస్తుంది. బీఆర్‌ఏఎఫ్ మార్పు ఉన్న అనాప్లాస్టిక్ రకానికి డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ కలిపి ఇస్తారు. పాత బ్లాకులు దాచమని పైన చెప్పింది ఈ పరీక్ష కోసమే.

స్టెరాయిడ్ వేసుకున్న మర్నాడే లేచి కూర్చుంది. జబ్బు తగ్గినట్టేనా?

తగ్గింది వాపు. డెక్సామెథసోన్ అనే ఆ స్టెరాయిడ్ మచ్చ చుట్టూ ఉన్న నీరును లాగేస్తుంది, మచ్చ అలాగే ఉంటుంది. ఆ తేలికదనం చూసి విశాఖ ప్రయాణం వాయిదా వేయొద్దు, నిజానికి ప్రయాణానికి అదే మంచి సమయం. ఈ మందుతో షుగర్ బాగా పెరుగుతుంది, ఆకలి పెరుగుతుంది, రాత్రి నిద్ర పట్టదు. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

థైరాక్సిన్ మాత్ర, చోడి (రాగి) అంబలి, చేపలు: ఏది ఎలా?

మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకుని, టీ గానీ చోడి అంబలి గానీ కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తీసుకోండి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. పాకిన జబ్బు ఉన్నవారిలో టీఎస్‌హెచ్‌ను సాధారణంగా 0.1 కంటే తక్కువ ఉంచుతారు. ల్యాబ్ కాగితం మీద అది తప్పు అన్నట్టు గుర్తు పెట్టి ఉంటుంది. అది చూసి కంగారుపడి మోతాదు తగ్గించుకోకండి, కావాలనే అలా ఉంచారు.

సముద్రపు చేపలు, ఎండు చేపలు, అయోడైజ్డ్ ఉప్పు మానాల్సింది అయోడిన్ చికిత్సకు ముందు ఒకటి రెండు వారాలే. మిగతా రోజుల్లో హాయిగా తినొచ్చు. ఉప్పు వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు. పసరు మందులు వాడితే దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, కొన్ని కిడ్నీని దెబ్బతీస్తాయి, కొన్ని ఫిట్స్ మందుతో కలవవు.

ఖర్చు ఎలా?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, మనందరి నోట్లో ఇంకా ఆరోగ్యశ్రీయే, క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్ చాలావాటికి వర్తిస్తుంది. ఏ చికిత్స ఏ ఆసుపత్రిలో కవర్ అవుతుందో బయల్దేరేముందే 104కి ఫోన్ చేసి అడగండి. రేడియో అయోడిన్ వార్డు అన్నిచోట్లా ఉండదు, అదీ కనుక్కోండి. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తి ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే ఫారం మీద డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. ఆమదాలవలస నుంచి, పలాస నుంచి నెలనెలా తిరిగేవాళ్లకు ఇది చిన్న సాయం కాదు.

ఎన్నాళ్లుంటారు?

అందరికీ ఒకే జవాబు లేదు. 1997లో అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ సెంటర్ డాక్టర్లు ఇలాంటి 47 మంది వివరాలు ప్రచురించారు. మెదడులోని మచ్చను ఆపరేషన్‌తో తీసినవారు మధ్యస్థంగా 16.7 నెలలు, తీయనివారు 3.4 నెలలు బతికారు. ఆపరేషన్‌కు తగినంత ఓపిక ఉన్నవారికే ఆపరేషన్ చేసి ఉంటారు కాబట్టి తేడా అంతా కత్తిదే అనుకోకూడదు. పైన చెప్పిన మాత్రలేవీ అప్పటికి లేవు, సూటి రేడియేషన్ కూడా ఇంత విరివిగా లేదు. ఇప్పుడు ఒకటి రెండు మచ్చలు అదుపులోకి వచ్చినవాళ్లలో ఏళ్ల తరబడి ఉన్నవారున్నారు. అనాప్లాస్టిక్ అయితే కాలం చాలా తక్కువ, అది దాచడం వల్ల ఎవరికీ మేలు లేదు.

అమ్మకు చెప్పాలా వద్దా?

చెప్పాలనే నా అభిప్రాయం. చెప్పకపోయినా ఇంట్లో వాళ్ల ముఖాలు చూసి ఆమెకు తెలిసిపోతుంది, అప్పుడు అడగడానికి తోడు లేక ఒంటరిదవుతుంది. మెదడు జబ్బులో ఇంకో కారణం ఉంది: ముందుముందు మాట, జ్ఞాపకం తగ్గవచ్చు. ఆమె ఏం కోరుకుంటోందో ఆమె నోటితో వినాల్సింది ఇప్పుడే. మా మేనత్తకు డాక్టర్ ఎదురుగానే చెప్పాం. ఆమె అడిగిన మొదటి ప్రశ్న రేషన్ కార్డు ఎవరి దగ్గరుందని. భయం తర్వాత వచ్చింది, ఆ భయంలో మేమంతా పక్కనే ఉన్నాం.

పిల్లలకు వస్తుందా?

మెడుల్లరీ రకంలో దాదాపు నాలుగో వంతు వంశపారంపర్యం. రోగికి ఆర్ఈటీ జన్యు పరీక్ష చేయించి, మార్పు ఉందంటే పిల్లలకూ, తోబుట్టువులకూ చేయించాలి. మిగతా రకాల్లో అలాంటి అవసరం అరుదు.

మళ్లీ పనికి వెళ్లొచ్చా?

ఫిట్స్ వచ్చినవారు బండి నడపకూడదు, కొబ్బరి చెట్టు ఎక్కకూడదు, పడవ మీద వేటకు వెళ్లకూడదు, ఒంటరిగా చెరువులో దిగకూడదు. ఎప్పటివరకన్నది డాక్టర్ చెబుతారు. కూర్చుని చేసే జీడిపప్పు పని, కొట్టు, ఇంటి పని మెల్లగా మొదలుపెట్టొచ్చు. రేడియేషన్ తర్వాత మొదటి ఏడాది రెండు మూడు నెలలకోసారి ఎంఆర్ఐ ఉంటుంది. బాగానే ఉంది కదా అని ఆ స్కాన్ మానేయకండి, కొత్త మచ్చ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే మళ్లీ సూటి రేడియేషన్‌తోనే పని అయిపోవచ్చు.